పిగిలిపిట్టకి ఆ పేరెందుకు?

ఉప్పల్, నాచారం హాస్టళ్లలో ఉంటున్న మనకి పిగిలిపిట్ట కొత్త కాదు. నల్ల తల, పొట్టి పిలక, తోక కింద ఎర్ర మచ్చ. పొద్దున్నే కరెంటు తీగ మీద కూర్చుని అరిచేది అదే. దానికి అడవిలో ఒక చెల్లెలుంది. అరకు, పాడేరు వైపు వాళ్లు రెండింటినీ చూసే ఉంటారు. చెల్లెలి పిలక మొనదేలి నిటారుగా ఉంటది. చెంప, పొట్ట తెల్లగా ఉంటాయి, కంటి వెనక కుంకుమ అద్దినట్టు చిన్న ఎరుపు. అక్క ఎండు తుప్పల్లో, సిటీలో, ఎక్కడైనా బతికేస్తది. చెల్లెలికి కొంచెం చెమ్మ, కొండ, చెట్ల నీడ కావాలి.

ఇంగ్లీషులో అక్కని రెడ్ వెంటెడ్ బుల్బుల్ అంటారు, చెల్లెల్ని రెడ్ విస్కర్డ్ బుల్బుల్. (వెంట్ అంటే ఏందో డిక్షనరీలో చూడండి, నవ్వొస్తది.) తమాషా ఏందంటే తోక కింద ఎరుపు రెండింటికీ ఉంది. అందుకే తోక చూసి చెప్పొద్దు, చెంప చూడండి. చెల్లెలి పిల్లలకి మాత్రం చెంప ఎరుపు ఇంకా రాదు.

అసలు గొడవ లాటిన్ పేర్లతో. రెండింటికీ పేరు పెట్టింది ఒకరే, స్వీడన్‌కి చెందిన లిన్నేయస్. 1758లో చెల్లెలికి 'జొకోసస్' అని పెట్టాడు, అంటే సరదా అయినది. 1766లో మన పిగిలిపిట్టకి 'కాఫర్' అని పెట్టాడు, ఆఫ్రికా కొసన ఉన్న కేప్ నుంచి వచ్చిందనుకుని. ఈ పిట్ట అక్కడిది కానే కాదు. ఊరు తప్పు, పైగా ఆ మాట అక్కడి నల్లవాళ్లని తెల్లవాళ్లు పిలిచిన మాట. పోను పోను అది పచ్చి బూతైంది. దక్షిణాఫ్రికాలో ఆ మాటతో తిట్టినందుకు 2018లో జైలు శిక్ష కూడా పడింది. జాతి పేరుతో నలుగురిలో అవమానిస్తే నేరమని మన 1989 చట్టమూ చెప్తది కదా.

మనవాళ్లూ తక్కువేం కాదు. చెల్లెల్ని తెలుగులో తురక పిగిలిపిట్ట అన్నారు. ఒక జనం పేరు తెచ్చి పిట్టకి తగిలించారు.

2024లో మాడ్రిడ్‌లో మొక్కల శాస్త్రవేత్తలు ఓటేసి, అదే మాట నుంచి పుట్టిన 'కాఫ్రా' లాంటి పేర్లని 'ఆఫ్రా' అని మార్చారు. రెండు వందలకు పైగా పేర్లు, తీసింది ఒక్క అక్షరం. జంతువుల పేర్లు చూసే అంతర్జాతీయ కమిషన్ మాత్రం 2023లోనే మార్చమని చెప్పేసింది. పేర్లు మారిస్తే పాత రికార్డులతో లింకు తెగి గందరగోళం అవుతదని వాళ్ల వాదన. అందులో కొంత నిజముంది, మేము కాదనం. కానీ మొక్కల వాళ్లకి కుదిరింది వీళ్లకి ఎందుకు కుదరదు? మన ఇంటిపేరో గూడెం పేరో సర్టిఫికెట్‌లో తప్పు పడితే దిద్దించుకోడానికి ఎన్నిసార్లు తిరగాలో మనకి తెలుసు. పిట్ట తిరగలేదు.

కమిషన్ మారేదాకా ఆగక్కర్లేదు. ప్రాజెక్టు రికార్డులో పిట్ట పేరు రాసేటప్పుడు మొదట మన భాషలో పేరు, దాని పక్కన లాటిన్ రాద్దాం. దసరా సెలవులకి ఇంటికి పోయినప్పుడు అవ్వనో తాతనో అడగండి: కోయలో, గోండిలో, కొలామిలో, కువిలో, లంబాడీలో ఈ అక్కాచెల్లెళ్లని ఏమంటారు? ఇద్దరికీ ఒకటే పేరా, వేరువేరా? ఏ ఊరి మాటో, ఎవరు చెప్పారో కూడా రాసుకుని రండి.