ప్లాను గీసే రోజున మీరెక్కడ?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని పెద్దలు ఊరికే అనలేదండీ. పెళ్ళి సంబంధమైతే అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు ఆరా తీస్తాం. ఇంటి ప్లాను విషయంలో మాత్రం ఎంత తేలిగ్గా ఉంటామో చూశారా? మగవాళ్ళూ మేస్త్రీ ముందుగదిలో కూర్చుని కాగితం మీద నాలుగు గీతలు గీసేస్తారు. మనం లోపల్నుంచి కాఫీలు అందిస్తాం. గృహప్రవేశంనాడు పాలు పొంగించడానికి నిలబడితే గానీ వంటగట్టు ఎంత ఎత్తుందో మనకు తెలియదు!

"ఆర్కిటెక్టా? అదంతా డబ్బున్నవాళ్ళ ముచ్చట. మన రెండొందల గజాలకి మేస్త్రి చాలు" అంటారేమో. మేస్త్రిని నేను తక్కువ చేయడం లేదు సుమండీ. గోడ వంకర లేకుండా లేపడం ఆయన చేతి విద్య. కానీ ఆ గోడ ఎక్కడుండాలి, గాలి ఎటు వచ్చి ఎటు పోవాలి అని ముందే ఆలోచించి కాగితం మీద పెట్టడం వేరే చదువు. అది ఐదేళ్ళ డిగ్రీ. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైనవారే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలి. నమోదు నంబరు 'సీఏ' అనే అక్షరాలతో మొదలవుతుంది. కౌన్సిల్ వారి వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అడగడానికి మొహమాటపడకండి.

వరసకు మా వదిన ఒకావిడ ఇల్లు ఇలాగే ముందుగదిలో గీసిన ప్లానుతో లేచింది. వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా పక్కింటి గోడ. పట్టపగలు లైటు వేసుకుని వంట! ఏడాది తిరక్కుండా గోడ పగలగొట్టి కిటికీ మార్చారు. టైల్సు పోయాయి, గోడలోని వైర్లు మళ్ళీ లాగాల్సి వచ్చింది, నెల్లాళ్ళు దుమ్ములోనే తిండి. కాగితం మీదైతే అది రబ్బరుతో చెరిపేసే గీత.

మేము ఇల్లు కట్టుకున్నప్పుడు వచ్చిన ఆర్కిటెక్ట్ చిన్నమ్మాయి. మావారు హాలు ఇంత, కారు పెట్టే చోటు ఇంత అని చెప్పడం పూర్తయ్యాక నావైపు తిరిగి, "ఉదయం మీ ఇంట్లో ముందు లేచేది ఎవరండీ?" అంది. నేనే అన్నాను. "లేచి ఏం చేస్తారు?" అంది. వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం, పాలు కాచడం, పెరట్లో అంట్లు, అత్తయ్యగారికి వేణ్ణీళ్ళు, మధ్యలో బట్టలు... చెబుతుంటే అన్నీ రాసుకుంది. నా పనికీ ఒక దారి ఉంటుందనీ, దాన్ని అడుగుల్లో కొలవొచ్చనీ అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. ఆ రాసుకున్నదాంట్లోంచే వంటింటికి పెరటి తలుపు, దాన్నానుకుని అంట్లకు కుళాయి, అత్తయ్యగారి గదికి పక్కనే స్నానాలగది వచ్చాయి. ఆ స్నానాలగదికి గడప వద్దంది, తలుపు మూడడుగులు ఉండాలంది. "రెండున్నర చాలదూ?" అన్నారు మావారు. "పెద్దవాళ్ళున్న ఇల్లండీ" అని ఊరుకుంది. మూడేళ్ళకు అత్తయ్యగారు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. చక్రాల కుర్చీ ఆ తలుపులోంచి నేరుగా లోపలికి పోయింది. నలుగురు ఎత్తుకుని తీసుకెళ్ళే అవస్థ ఆవిడకు తప్పింది. ఆవిడ సిగ్గుపడాల్సిన పనీ తప్పింది.

అందుకే చెబుతున్నాను. ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళ్ళేముందు ఒక నోటుబుక్కు తీసుకోండి. వారం రోజులపాటు ఇంట్లో ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో రాయండి. ఆవకాయ జాడీలు, బియ్యం బస్తా, పండక్కి దించే పెద్ద గిన్నెలు, చుట్టాలొస్తే వేసే పరుపులు... వీటికి చోటు మీరు అడిగితేనే వస్తుంది.

కొన్ని కొలతలు మీ ఒంటికే ఉన్నాయి. నిలబడి మోచెయ్యి మడవండి. అక్కడికి నాలుగు నుంచి ఆరు అంగుళాల కింద వంటగట్టు ఉంటే భుజాలు లాగవు. మెట్ల సంగతీ చూడండి. పదడుగుల ఎత్తు ఎక్కడానికి ఏడున్నర అంగుళాల మెట్లయితే 16 చాలు, ఆరు అంగుళాలవైతే 20 కావాలి. నాలుగు మెట్లు తగ్గాయని చోటు కలిసొస్తుంది గానీ, ఆ లెక్క తర్వాత మోకాళ్ళు తీరుస్తాయి. మన ఎండలకి పడమటి గోడ సాయంత్రం దాకా కాలి రాత్రంతా సెగ కక్కుతుంది. పడకగదికి బదులు మెట్లో, సామాన్ల గదో అటు పెట్టడానికి వీలుందేమో అడగండి. వాస్తు పట్టింపు ఉంటే ఆ మాట మొదటి రోజే చెప్పేయండి. పిల్లర్లు లేచాక ఎవరో వచ్చి ఆగ్నేయం అంటే మార్చే ఖర్చు మీదే.

ప్లాను చేతికొచ్చాక చూసి అర్థం కాలేదని దిగులు పడకండి. మనకు ముగ్గు పెట్టడం వచ్చు కదా! పునాదికి మేస్త్రి ముగ్గు పోయకముందే, డాబా మీదో ఖాళీ స్థలంలోనో పది బై పది గదిని అసలు కొలతతో మీరే ముగ్గుతో గీయండి. ఆరడుగుల వెడల్పు మంచం మధ్యలో వేస్తే అటు రెండడుగులు, ఇటు రెండడుగులు మిగులుతుంది. అక్కడ బీరువా పెట్టి తలుపు తెరవండి చూద్దాం! వంటింటిని కూడా గీసి, పొయ్యి దగ్గర్నుంచి సింకు దాకా నడిచి చూడండి.

ఇక డబ్బు మాట. కట్టుబడి ఖర్చులో ఇంత శాతమని కొందరు, చదరపు అడుగుకింత అని కొందరు ఫీజు తీసుకుంటారు. ఏదైనా సరే, పని సాగేకొద్దీ విడతలుగా ఇచ్చేలా కాగితం రాసుకోండి. ప్లాను ఎన్నిసార్లు మార్చి ఇస్తారు? కట్టేటప్పుడు ఎన్నిసార్లు వచ్చి చూస్తారు? పిల్లర్లు, బీముల లెక్క కట్టే స్ట్రక్చరల్ ఇంజనీరు ఫీజు ఇందులోదేనా? అనుమతికి కావలసిన డ్రాయింగులు, కరెంటు, నీళ్ళ పైపుల డ్రాయింగులు ఇస్తారా? ఇవన్నీ అందులో ఉండాలి. మీది నల్లరేగడి నేల అయితే మట్టి పరీక్ష తప్పనిసరి. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. చూసుకోకుండా పునాది వేస్తే గోడలు బీటలిస్తాయి.

ఇంటికి అప్పు తెస్తే ఏళ్ళ తరబడి వాయిదాలు కడతాం. వాటికోసం చీరలు మానుకునేదీ, పోపుడబ్బాలో దాచినది తీసిచ్చేదీ మనమే. అలాంటప్పుడు ప్లాను గీసే రోజున మనకీ ఒక కుర్చీ ఉండాలి కదండీ. ఆ రోజు కాఫీలు ఇంకెవరైనా అందిస్తారు. మీరు మాత్రం నోటుబుక్కు పట్టుకుని ఆర్కిటెక్ట్ ఎదురుగా కూర్చోండి.