పుట్టిని ఎగతాళి చేసేవాళ్లకు



వేసవి యాత్ర గురించి గ్రూపులో నాలుగు రోజులుగా నడుస్తున్న వాదన చదువుతున్నాను. హొగెనకల్ పోయి పరిసల్ ఎక్కుదామని కొందరు, పాపికొండలు పోయి రెండంతస్తుల లాంచీ ఎక్కుదామని కొందరు. "తెలుగువాళ్లమై ఉండి గోదారి చూడకపోతే ఎట్లా" అన్న మాటకు నేనూ కరిగాను. దానితో నాకు పేచీ లేదు. "ఆ వెదురుబుట్టలో పిల్లల్ని ఎక్కిస్తారా, లాంచీ అయితే భద్రం" అన్నారు చూడండి, పేచీ అక్కడ.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగింది బుట్ట కాదు, లాంచీ. వరద గోదారిలో డెబ్బైమందికి పైగా ఎక్కించుకుని పోయింది. ఒడ్డునున్న గిరిజనులు పడవలేసుకుని రాకపోతే ఇంకెందరు పోయేవాళ్లో. 2023 మే 7న కేరళలోని తానూరులో 22 మందిని మింగిందీ రెండంతస్తుల పడవే. చేపల పడవను అట్లా మార్చారు.

పై అంతస్తు మీదికి జనం ఎక్కేకొద్దీ పడవ బరువు పైకి జరుగుతుంది. ఫోటో కోసం అందరూ ఒకే పక్కకు వచ్చారంటే ఒరుగుతుంది, ఒరిగినకొద్దీ జనం ఇంకా ఆ పక్కకే జారుతారు. కింద ఏసీ గదిలో ఉన్నవాళ్ల సంగతి మరీ ఘోరం. నీళ్లు నిండితే లైఫ్ జాకెట్టే మనిషిని పైకప్పుకు నొక్కిపెడుతుంది.

పరిసల్ (కృష్ణ ఒడ్డున పుట్టి అంటారు) అట్లా కాదు. అడుగు వెడల్పు, లోతు తక్కువ. అందరూ కిందనే కూర్చుంటారు, బరువు నీటి మట్టం దగ్గరే ఉంటుంది. జానెడు నీళ్లున్నా రాళ్ల మధ్య తేలిపోతుంది. గిరగిరా తిరుగుతుందని భయపడతారు గానీ, తిరగడం వేరు, తిరగబడడం వేరు.

అయితే దాని అంచు నీటికి దగ్గర. ఒకరు లేచి నిలబడినా, ఇద్దరిని ఎక్కువ కూర్చోబెట్టినా అంచు మునిగి నీళ్లు లోపలికొస్తాయి. అట్లా ప్రాణాలు పోయిన రోజులూ ఉన్నాయి. కావేరికి నీళ్లు పెరిగితే ఒక్క తెడ్డుతో దాన్ని నిలపలేరు. అందుకే అప్పుడు పరిసళ్లు ఆపేస్తారు. ఆపిన రోజు "దూరం నుంచి వచ్చినాం అన్నా" అని బతిమాలి, పక్క రేవులో డబ్బులిచ్చి ఎక్కేది మనవాళ్లే.

కమిటీకి వచ్చిన లాంచీ కొటేషన్ చూశాను. టిఫిను, బిర్యానీ, డీజే అన్నీ రాశారు. ఎంతమందికి అనుమతి, పిల్లల కొలత జాకెట్లు ఎన్ని, ఒక్క వరుస లేదు. ఆ వరుస రాసిస్తే, మన పిల్లలెవరూ పై అంతస్తు ఎక్కరని కమిటీ మాటిస్తే, గోదారికే నా ఓటు. లేదంటే అంచెట్టి దారి పట్టి హొగెనకల్ పోదాం, పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఆదివారం మీటింగులో ఓటేసే ముందు ఆ కాగితం అడగండి.