దోషి లేని బొమ్మ

సూర్యాపేట జిల్లా పాలకీడు లాంటి చోట ఆడపిల్లలకు తైలవర్ణ చిత్రాలెందుకు అంటారు. ఎందుకు కూడదు? పాత గురువుల బొమ్మ చూసి తిరిగి వేస్తే చేయి తిరుగుతుంది. రూబెన్స్ అంతటివాడే 1628-29లో మాడ్రిడ్‌లో టిషియన్ 'యూరోపా'కు నకలు వేశాడు. పద్ధతితో మనకు పేచీ లేదు. ఆ పనితనంతో పాటు మనకు అంటగట్టే చూపుతోనే పేచీ.

టిషియన్ 1556-59లో స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ కోసం వేసిన 'డయానా, కాలిస్టో' చూడండి. జూపిటర్ దేవుడు డయానా వేషంలో వచ్చి కాలిస్టోను చెరిచాడు. ఆమె గర్భవతి అయింది. చెలికత్తెలు బట్టలు లాగి ఆమె పొట్టను బయటపెడుతుంటే డయానా చేయి చాపి వెళ్ళగొడుతోంది. మరి జూపిటర్ ఏడీ? బొమ్మలో లేడు! శిక్షించేవాళ్ళూ, శిక్ష పడినదీ ఆడవాళ్ళే. ఇంద్రుడు స్వర్గానికి పోగా అహల్య రాయై పడివున్న కథ విన్న మనకిది కొత్తా? మన ఊళ్ళ పంచాయతీల్లో ముందుగా నిలదీసేది ఎవరిని?

"అందుకే ఇలాంటివి నేర్పొద్దు" అనే పెద్దలారా, మేమనేది అది కాదు. మనిషి శరీరాన్ని చూసి గీయనివ్వకుండానే స్త్రీలను పూల బొమ్మలకు పరిమితం చేశారు. లండన్ రాయల్ అకాడమీని 1768లో స్థాపించినవారిలో ఏంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్ ఉన్నారు. కానీ నగ్న మోడల్ చుట్టూ చేరిన సభ్యులను జోఫనీ చిత్రించినప్పుడు ఈ ఇద్దరూ గోడమీద పటాలయ్యారు. అక్కడి విద్యార్థినులకు గుడ్డ చుట్టిన మోడల్‌ను గీసే అవకాశమైనా 1893లో గానీ రాలేదు. మన దగ్గర రాజమండ్రి దామెర్ల రామారావు (1897-1925) పేరు అందరికీ తెలుసు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారని ఎందరికి తెలుసు? ఈనాటికీ శిక్షణ అనగానే మనకు గుర్తొచ్చేవి కుట్లు, అల్లికలు, చీరలమీద పూలే.

అందుకే శిక్షణలు నడిపే మిత్రులను కోరుతున్నాం: నేర్పండి. అవిసె నూనె కలిపిన రంగును పలుచగా పొరమీద పొర వేసి చర్మం ఛాయ తేవడం, పదిమందిని ఒకే బొమ్మలో కుదర్చడం, అన్నీ నేర్పండి. దాంతో పాటు 'ఈ బొమ్మలో లేనిదెవరు? ఎందుకు లేడు?' అని అడగడమూ నేర్పండి. ఆ తర్వాత సాగర్ ఎడమ కాల్వ కింద వరుసగా వంగి నాట్లేసే తమ తల్లులను ఆ పిల్లలు అదే పనితనంతో వేయాలి. కాలిస్టో కథనూ మళ్ళీ వేయాలి. ఈసారి బోనులో జూపిటర్ నిలబడాలి.