ట్రైనింగ్ ఫ్రీ సరే.. ఆ రోజుల కూలీ ఎవరిస్తారు? హఫీజ్‌పేట్ అడ్డా కూలీకీ, హైటెక్ సిటీ టెక్కీకీ ఒకటే సమస్య

స్కిల్ ట్రైనింగ్ అనగానే మనకు కనిపించేది డిగ్రీ అయిపోయి జాబ్ వెతుక్కునే కుర్రాళ్లు. మరి 35 ఏళ్లు దాటి, పిల్లల ఫీజులు, ఇంటి అద్దె, ఈఎంఐలు మోస్తూ కొత్త పని నేర్చుకోవాలనుకునే వాళ్ల పరిస్థితేంటి? వాళ్లను ఆపుతున్నది కోర్సు ఫీజు కాదు. నేర్చుకునే రోజుల్లో ఆగిపోయే సంపాదన. ప్రభుత్వ పథకాలు చాలావరకు తడబడుతున్నదీ ఇక్కడే.

హఫీజ్‌పేట్‌లోనే ఎందుకు?

ఈ ఏరియాలో రెండు రకాల వర్కర్లు పక్కపక్కనే ఉంటారు. పాలమూరు, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బిహార్ నుంచి వచ్చి టవర్లు కట్టేవాళ్లు ఒకవైపు. ఆ టవర్లలో కూర్చుని పనిచేసే ఐటీ ఉద్యోగులు ఇంకోవైపు. పొద్దున్నే ఒకరు అడ్డా మీద నిలబడితే, ఇంకొకరు ఎంఎంటీఎస్ కోసమో క్యాబ్ కోసమో నిలబడతారు.

ట్రైనింగ్ సెంటర్ దూరమా అంటే అదీ కాదు. 1998లో ఏర్పాటైన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్.. అందరూ న్యాక్ అనేది.. కొండాపూర్, మాదాపూర్ వైపే ఉంది. తాపీ పని, బార్ బెండింగ్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ లాంటి పనులు అక్కడ నేర్పిస్తారు. దూరం సమస్య కాదు. టైమే సమస్య.

లెక్క వేసి చూద్దాం

ఒక మేస్త్రీకి రోజుకు 800 రూపాయలు వస్తాయనుకుందాం. మూడు నెలల కోర్సులో చేరితే దాదాపు 75 పని దినాలు పోతాయి. అంటే 60 వేల రూపాయలు. కోర్సు ఫ్రీ అని పోస్టర్ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, ఆ కుటుంబం దృష్టిలో దాని ఖరీదు 60 వేలు. ఊళ్లో అప్పు కట్టాల్సిన మనిషికి ఇది అయ్యే పని కాదు.

అందుకే మన దేశంలో ఎక్కువ మంది పని చేస్తూనే పని నేర్చుకుంటారు. 2023-24 ఆర్థిక సర్వే ప్రకారం 15 నుంచి 29 ఏళ్ల వాళ్లలో ఫార్మల్ వృత్తి శిక్షణ పొందినవాళ్లు 4.4 శాతం మాత్రమే. మరో 16.6 శాతం మంది ఇంట్లోనో, పనిలోనో చూసి నేర్చుకున్నవాళ్లు. యువతలోనే ఇలా ఉంది. పని ఆపితే ఇల్లు గడవని పెద్దవాళ్లకు క్లాస్‌రూమ్ ఇంకా దూరం.

ఇందులో మహిళలది మరీ కష్టం. సైట్లలో ఇటుకలు, ఇసుక మోసే పనికే వాళ్లు ఎక్కువగా పరిమితం. మేస్త్రీ పక్కన నిలబడి తాపీ పట్టే ఛాన్సే తక్కువ. అంటే పని చేస్తూ నేర్చుకునే దారి కూడా వాళ్లకు సగం మూసే ఉంటుంది.

కూలీ నష్టాన్ని గుర్తించిన పథకాలు ఉన్నాయి.. కానీ

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ట్రైనింగ్ రోజులకు 500 రూపాయల చొప్పున స్టైపెండ్ ఉంది. తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, టైలర్లు, బార్బర్లు సహా 18 రకాల వృత్తులు ఇందులోకి వస్తాయి. బేసిక్ ట్రైనింగ్ 5 నుంచి 7 రోజులు, అడ్వాన్స్‌డ్ అయితే 15 రోజులు, ఆపైన. పనిముట్లకు 15 వేల వరకు సాయం కూడా ఉంది. మన 800 రూపాయల మేస్త్రీకి 15 రోజుల్లో చేతి నుంచి పడేది 4,500. ఇది తట్టుకోగల నష్టమే. కాకపోతే ఇన్ని తక్కువ రోజుల్లో కొత్త పని పూర్తిగా రాదు, ఉన్న పనికి మెరుగులు దిద్దుకోవచ్చంతే.

ఉపాధి హామీ కింద 2019లో తెచ్చిన ఉన్నతి ప్రాజెక్టు ఇంకో అడుగు ముందుకేసింది. ట్రైనింగ్‌లో ఉన్నన్ని రోజులు, గరిష్ఠంగా 100 రోజుల వరకు, ఉపాధి కూలీ రేటునే స్టైపెండ్‌గా ఇవ్వాలన్నది అప్పట్లో దాని రూల్. అది ఊళ్లలోని కూలీలకు. అదే మనిషి హఫీజ్‌పేట్ వచ్చి అడ్డా మీద నిలబడితే అతనికి ఆ రూల్ వర్తించేది కాదు.

మరి టెక్కీల సంగతేంటి?

2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. ప్రభావం ఎక్కువగా మిడిల్, సీనియర్ లెవెల్ మీదే అని చెప్పింది. 40 ఏళ్ల వయసులో మళ్లీ కొత్త టెక్నాలజీ నేర్చుకోవాల్సిన వాళ్లు వీళ్లే.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో వీళ్లకు పనికొచ్చే ఒక పాయింట్ ఉంది. అదే రీ-స్కిల్లింగ్ ఫండ్. కంపెనీ ఒక వర్కర్‌ను రిట్రెంచ్ చేస్తే, అతని చివరి వేతనంలో 15 రోజులకు సమానమైన మొత్తాన్ని ఈ ఫండ్‌కు కట్టాలి. అది 45 రోజుల్లోపు వర్కర్ ఖాతాలో పడాలి. సర్వీసును బట్టి వచ్చే రిట్రెంచ్‌మెంట్ పరిహారం దీనికి వేరు.

వినడానికి బాగానే ఉంది. కానీ ఇందులో మూడు మెలికలున్నాయి.

ఒకటి.. రిజైన్ చేస్తే ఇది రిట్రెంచ్‌మెంట్ కిందకు రాదు. హెచ్‌ఆర్ రూమ్‌లో రాజీనామా లెటర్ మీద సంతకం పెట్టే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

రెండు.. మేనేజర్ పని చేసేవాళ్లు, నెలకు 18 వేలు దాటిన వేతనంతో సూపర్‌వైజర్ పని చేసేవాళ్లు వర్కర్ నిర్వచనంలోకి రారు. మీ డిజిగ్నేషన్ ఏంటన్నది కాదు, మీరు ప్రధానంగా చేసే పనేంటన్నదే ముఖ్యం.

మూడు.. మొత్తం చిన్నది. లెక్కలోకి వచ్చే వేతనం నెలకు 30 వేలు అనుకుంటే చేతికొచ్చేది సుమారు 15 వేలు. నగరంలో ఒక కుటుంబానికి అది ఒక నెల ఖర్చుకు కూడా చాలదు. పైగా ఆ డబ్బుతో ట్రైనింగ్ తీసుకున్నారా లేదా అని చూసే ఏర్పాటు కోడ్‌లోని ఆ సెక్షన్‌లో లేదు.

సింగపూర్ ఏం చేసింది?

అక్కడ 40 ఏళ్లు దాటిన వాళ్లకు స్కిల్స్‌ఫ్యూచర్ పథకం కింద 2024లో 4,000 సింగపూర్ డాలర్ల శిక్షణ క్రెడిట్ ఇచ్చారు. అంతటితో ఆగలేదు. ఎంపిక చేసిన ఫుల్‌టైమ్ కోర్సుల్లో చేరితే, వాళ్ల సగటు ఆదాయంలో సగం, నెలకు గరిష్ఠంగా 3,000 డాలర్లు భృతిగా ఇస్తారు. జీవితకాలంలో 24 నెలల వరకు దీన్ని వాడుకోవచ్చు. సింగపూర్ చిన్న దేశం, డబ్బున్న దేశం.. నిజమే. కానీ చూడాల్సింది మొత్తం కాదు, పద్ధతి. ఫీజుతో పాటు పోయే జీతాన్ని కూడా అక్కడ ట్రైనింగ్ ఖర్చుగానే లెక్కేశారు.

ఇక్కడ డబ్బు ఎక్కడి నుంచి?

తెలంగాణ ప్రభుత్వం ట్రైనింగ్ మీద ఖర్చు పెట్టడం లేదని అనలేం. 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే 2,324 కోట్ల ప్రాజెక్టుకు 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది ఆగస్టులో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ బిల్లు పాసైంది. పేరులోనే యంగ్ ఉంది. బిల్డింగులు, మెషీన్లు, యువత.. ఫోకస్ అంతా అటే.

కన్‌స్ట్రక్షన్ వర్కర్ల విషయంలో మాత్రం డబ్బుకు ఒక దారి ముందే ఉంది. నిర్మాణ వ్యయం మీద వసూలు చేసే ఒక శాతం సెస్సు, కార్మికుల సంక్షేమ బోర్డుకే వెళ్తుంది. ఐటీ కారిడార్‌లో లేచిన టవర్లు కూడా ఆ సెస్సు కట్టాల్సినవే. ఆ నిధి నుంచి ట్రైనింగ్ రోజులకు నిజమైన మార్కెట్ కూలీ ఇస్తే, న్యాక్ గేటు దాకా వచ్చేవాళ్లు పెరుగుతారు. సాయంత్రం బ్యాచ్‌లు, సైట్ మీదే శిక్షణ పెంచితే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

మీరు చేరాలనుకుంటే ఇవి అడగండి

- ట్రైనింగ్ రోజులకు స్టైపెండ్ ఉందా? రోజుకు ఎంత? ఎప్పుడు పడుతుంది?
- కొత్త పని నేర్పిస్తారా, లేక వచ్చిన పనికే టెస్ట్ పెట్టి సర్టిఫికెట్ ఇస్తారా? రెండూ వేర్వేరు.
- భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు రెన్యువల్ అయిందా?
- పీఎం విశ్వకర్మ అయితే, కొత్త రిజిస్ట్రేషన్లు తీసుకుంటున్నారో లేదో కామన్ సర్వీస్ సెంటర్‌లో ముందే కనుక్కోండి.

కొత్త సెంటర్ ఓపెనింగ్ అనే వార్త ఈసారి మీ ఫోన్‌లో కనిపిస్తే, ఎన్ని కోట్లు అని మాత్రమే చూడకండి. అక్కడ కూర్చునే మనిషికి ఆ రోజు కూలీ ఇస్తారా అన్నదీ చూడండి. ఆ సెంటర్ నిండుతుందో, ఖాళీగా ఉంటుందో అదే చెప్పేస్తుంది.