పాత బండికి ముందు ఫోర్కు బాగుచేయించండి, సైలెన్సరు తర్వాత చూద్దాం

మా వీధిలో ఉండే ముప్పై అయిదేళ్ళ యువకుడొకడు ఈమధ్య ఒక ఆదివారం ఉదయం మా ఇంటికి వచ్చాడు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిపూట తిమ్మిరెక్కుతున్నాయనీ, మెడ, భుజాలు పట్టేస్తున్నాయనీ, ఆరు నెలలుగా నొప్పి మాత్రలు మింగుతున్నాననీ చెప్పాడు. పరీక్షిస్తే మణికట్టు వద్ద నరం ఒత్తిడికి లోనైన లక్షణాలు కనిపించాయి. చెప్పవలసిన వైద్యం చెప్పి, "రోజూ ఏ బండి మీద వెళ్తావు నాయనా?" అని అడిగాను. నాన్నగారి పాత బుల్లెట్టు మీదనే, రానూ పోనూ యాభై కిలోమీటర్లు అన్నాడు.

గేటు దాకా వెళ్ళి చూశాను. బండికి కొత్త రంగు, అద్దంలా మెరిసే సైలెన్సరు. ముందు ఫోర్కు గొట్టం చుట్టూ మాత్రం దుమ్ము పట్టిన నల్లటి నూనె వలయం. ముందు బ్రేకు పట్టుకొని హ్యాండిల్‌ను గట్టిగా కిందికి నొక్కి వదిలితే బండి ముందుభాగం దబ్బున కుంగి, లేచి, మరో రెండుసార్లు ఊగింది. "దీన్ని ఎప్పుడు విప్పించావు?" అంటే, "ఎప్పుడూ లేదండీ, నడుస్తోంది కదా!" అన్నాడు.

"నడుస్తోంది కదా" అన్న ఈ మాట నాకు కొత్త కాదు. రక్తపోటు ఉన్నవాళ్ళూ, మధుమేహం ఉన్నవాళ్ళూ సర్కారు ఆసుపత్రి ఓపీలో దశాబ్దాలపాటు నాకు చెప్పిన మాటే అది. అయితే ఈ విషయంలో నా తప్పు కూడా ఉన్నదని ఒప్పుకోవాలి. నొప్పులతో వచ్చిన వేలాదిమందికి మాత్రలు రాశాను, బెల్టులు రాశాను, ఎక్స్-రేలు తీయించాను. "నీ బండి ఎలా ఉంది?" అని అడిగింది మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఫోర్కు చేసే పని తెలుసుకుందాం. నూనెతో నియంత్రించే టెలిస్కోపిక్ ఫోర్కును 1935లో బీఎండబ్ల్యూ సంస్థ తన ఆర్12 మోటారుసైకిలుకు అమర్చింది. నేటికీ మన రోడ్లమీద తిరిగే పాత బళ్ళలో ఉన్నది ప్రధానంగా ఆ సూత్రమే. ఒక గొట్టంలో మరొకటి జారుతుంది. లోపలి స్ప్రింగు బరువు మోస్తుంది, నూనె ఆ స్ప్రింగు ఊపును అణచివేస్తుంది. స్ప్రింగు ఒక్కటే ఉంటే బండి ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. నూనె చిన్న రంధ్రాల గుండా పోవలసి రావడం వల్లనే ఆ ఊపు ఆగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ స్ప్రింగు కుంగుతుంది, నూనె చిక్కదనం తగ్గి మడ్డి చేరుతుంది, సీళ్ళు గట్టిపడి కారుతాయి. మార్పు రోజుకింత చొప్పున వస్తుంది కనుక నడిపేవాడికి తెలియదు. వినికిడి తగ్గిన వృద్ధుడు ఇంట్లో అందరూ గొణుగుతున్నారని అనుకున్నట్టే, రోడ్లు పాడైపోయాయని మనం అనుకుంటాం.

దీనివల్ల శరీరానికి జరిగేదేమిటి? కూర్చున్న మనిషి శరీరం నిలువు కుదుపులలో సెకనుకు సుమారు 4 నుంచి 8 సార్లు వచ్చే వాటికి ఎక్కువగా స్పందిస్తుంది. శరీర ప్రకంపనలను కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2631 కూడా ఈ పరిధికే అధిక ప్రాధాన్యం ఇస్తుంది. మంచి సస్పెన్షన్ కుదుపును ఇంతకంటే నిదానమైన కదలికగా మార్చి మనకు అందిస్తుంది. బిగుసుకుపోయిన సస్పెన్షన్ ఆ పని చేయలేదు. నడుముమీద పడే భారంలో వెనుక షాకబ్జర్లకూ సీటుకూ పాత్ర ఎక్కువ. ముందు ఫోర్కు లోపం ప్రధానంగా మణికట్లనూ, మోచేతులనూ, భుజాలనూ, మెడనూ బాధిస్తుంది. ప్రతి గతుకు దగ్గరా హ్యాండిల్‌ను బిగించి పట్టుకోవడమే సగం నొప్పికి మూలం.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది నొప్పి కాదు, బ్రేకు. పొడి రోడ్డుమీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది. బండిని ఆపే పనిలో సింహభాగం ముందు చక్రానిదే. కుంగిన ఫోర్కు ఆ క్షణంలో అడుగుదాకా దిగి తగులుకుంటే, ఆపైన వచ్చిన గుంతకు చక్రం నేలను వదిలి ఎగురుతుంది. నేలను వదిలిన చక్రం బండిని ఆపలేదు, తిప్పలేదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళకు ఏబీఎస్ తప్పనిసరి అయింది, పాత బండికి ఆ రక్షణ లేదు. పైగా సీలు నుంచి కారే నూనె బ్రేకు మీదికి చేరవచ్చు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. ఇందరిలో ఎందరి బండి ఫోర్కు పాడై ఉన్నదో ఎవరూ లెక్క తీయలేదు. క్యాజువాలిటీలో మేమూ తలగాయం చూశాం గానీ బండిని చూడలేదు.

ఇక బాగుచేయించడమంటే ఏమిటి? ఇక్కడే యువకులతో నాకు పేచీ. "గట్టిగా చేయించాను డాక్టరుగారూ" అని గొప్పగా చెబుతారు. గట్టిదనం బాగు కాదు. కొందరు మెకానిక్కులు స్ప్రింగు పైన వాషర్లు పేరుస్తారు, లేదా నూనె ఎక్కువ పోస్తారు. ఫోర్కులో నూనె పైన మిగిలే గాలి కూడా ఒక స్ప్రింగు వంటిదే. నూనె మితిమీరితే ఆ గాలికి చోటు తగ్గి, ఒత్తిడి పెరిగి, సీళ్ళు చిట్లుతాయి. నా ఉద్యోగకాలంలో నా బండికే ఇలా జరిగింది. నెల తిరగకముందే రెండు వైపులా నూనె కారింది. మందు మోతాదు పెంచితే జబ్బు త్వరగా తగ్గుతుందనుకునే రోగి తెలివే అది.

సరైన వరుస ఇది. మొదట గొట్టాలు వంగాయేమో చూడాలి. వంగినవాటిని సాగగొట్టించి వాడటం కంటే మార్చడం మేలు. పైపూత గుంతలు పడితే కొత్త సీలు కూడా నిలవదు. రెండవది, రెండు వైపులా ఆయిల్ సీళ్ళు, డస్ట్ సీళ్ళు మార్చి, తయారీదారు పుస్తకంలో చెప్పిన చిక్కదనం గల ఫోర్కు ఆయిలును, చెప్పిన కొలతకు, రెండు కాళ్ళలోనూ సమానంగా పోయించాలి. మూడవది స్ప్రింగు. మీ బరువుకు తగినది కావాలి. మీరు మామూలుగా కూర్చున్నప్పుడు ఫోర్కు తన మొత్తం కదలికలో సుమారు నాలుగోవంతు నుంచి మూడోవంతు దాకా దిగాలి. మొత్తం 120 మిల్లీమీటర్లు కదిలే ఫోర్కు అయితే 30 నుంచి 40 మిల్లీమీటర్లు. ఇంతకు మించి దిగితే స్ప్రింగు బలహీనం, అసలు దిగకపోతే మీకు అది మరీ గట్టిది. నాలుగవది, హ్యాండిల్ కోన్ సెట్, టైరులో గాలి చూడాలి. ఇవి పాడై ఉంటే పై ఖర్చంతా వృథా.

పాత ఫోర్కులో నూనె రంధ్రాల పరిమాణం మారదు. అందువల్ల నెమ్మదిగా కుంగేటప్పుడు చాలినంత నిరోధం ఉండదు, పదునైన గతుకుకు మాత్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ఎమ్యులేటర్ అనే చిన్న వాల్వును లోపల అమర్చితే ఈ లోపం చాలావరకు తీరుతుంది. దూరప్రయాణాలు చేసేవారికి, తమ బండికి సరిపడేది దొరికితే, అది మంచి ఖర్చే. తక్కినవారికి కొత్త సీళ్ళు, నూనె, స్ప్రింగు చాలు.

వేరే బండి ఫోర్కును తెచ్చి, అందునా తలకిందుల ఫోర్కును, పాత బండికి బిగించడాన్ని మాత్రం నేను సమర్థించను. పొడవు మారితే హ్యాండిల్ తిరిగే తీరు మారుతుంది, చక్రం, బ్రేకు, ఇరుసు అన్నీ మార్చవలసి వస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. రేపు ప్రమాదం జరిగితే బీమా విషయంలోనూ చిక్కులు రావచ్చు. మరొక హెచ్చరిక: ఫోర్కు పైమూత కింద స్ప్రింగు నొక్కిపెట్టి ఉంటుంది. ఇంట్లో సొంతంగా విప్పబోతే ఎగిరివచ్చి కంటికి తగలవచ్చు. తెలిసిన మెకానిక్కు చేతనే చేయించండి.

"ఇంత ఎందుకు, కొత్త బండి కొనుక్కోవచ్చు కదా!" అనేవారున్నారు. కొనగలిగినవారు కొనుక్కోవచ్చు. కానీ పాలక్యాన్లు మోసేవారు, ఊరూరా తిరిగి అమ్ముకునేవారు, పల్లెబడికి వెళ్ళే పంతుళ్ళు పాత బండినే నమ్ముకొని ఉన్నారు. వారికి నేను చెప్పగలిగింది ఒకటే. రంగు ఆగుతుంది, సైలెన్సరు ఆగుతుంది, ఫోర్కు ఆగదు.

ఆ యువకుడు సీళ్ళు, నూనె, స్ప్రింగులు మార్పించాడు. రాత్రిపూట మణికట్టుకు పట్టీ కట్టుకున్నాడు. రెండు నెలలకు తిమ్మిరి బాగా తగ్గింది. అది ఫోర్కు వల్లనే అని నేను అనను, పట్టీ కూడా పనిచేసి ఉంటుంది. అయితే మొన్న అడ్డొచ్చిన గేదెదూడను తప్పించి బండిని నిలువుగా ఆపగలిగానని చెప్పాడు. నాకు అది చాలు.

తిమ్మిరి తగ్గకపోయినా, చేతిపట్టు సడలినా, నడుమునొప్పి కాలిలోకి దిగి కాలు బలహీనపడినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా మెకానిక్కు దగ్గరికి కాదు, వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. అవేవీ లేకపోతే, రేపు ఉదయం బండి తీసేముందు ఒక్క నిమిషం కేటాయించండి. ముందు బ్రేకు పట్టి, హ్యాండిల్ నొక్కి, వదిలి చూడండి. ఒకసారి లేచి నిలిస్తే మంచిదే. ఊగితే, చేతికి నూనె అంటితే, ఆ నెల జీతంలో మొదటి ఖర్చు దానికే పెట్టండి.