తెల్లకాగితం అంత అమాయకమేం కాదు

"చెట్లను కాపాడండి, ఈ-బుక్స్ చదవండి" అని ఎవరైనా అంటే నాకు చిరాకు. ఆంధ్ర మిల్లులకి వెళ్ళే కర్రలో ఎక్కువ భాగం అడవిది కాదు. ప్రకాశం, కృష్ణా జిల్లాల్లాంటి చోట్ల రైతులు పొలాల్లో వేసిన సుబాబుల్, జామాయిల్. పుస్తకప్రియులు నిజంగా సిగ్గుపడాలనుకుంటే, చెట్టు దగ్గర కాదు, నీళ్ళ దగ్గర పడాలి.

కర్రలో సుమారు పాతిక శాతం లిగ్నిన్. నారపోగుల్ని పట్టి ఉంచే జిగురు అది. కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్‌లతో 170 డిగ్రీల దగ్గర ఉడికిస్తే చాలావరకు కరిగి నల్లటి ద్రవంగా దిగుతుంది. పెద్ద మిల్లులు దాన్ని చిక్కగా మరిగించి, బాయిలర్లో కాల్చి, రసాయనాల్ని తిరిగి రాబట్టుకుంటాయి. అంతవరకూ బాగానే ఉంది. కానీ గుజ్జు ఇంకా గోధుమరంగులోనే ఉంటుంది. పేచీ అక్కడే మొదలు. మిగిలిన ఆ కాస్త లిగ్నిన్‌ని వదిలించడానికి క్లోరిన్ కలిసిన రసాయనాలు వాడతారు. ఆ కడిగిన నీళ్ళని బాయిలర్‌కి పంపితే క్లోరైడ్ లోహాన్ని తినేస్తుంది. కాబట్టి అవి ట్రీట్‌మెంట్ ప్లాంటుకే రావాలి.

"ట్రీట్ చేస్తున్నారుగా!" అంటారు. చేస్తారు. తొట్టెల్లో గాలి కొట్టి బాక్టీరియాని పెంచుతారు. తేలిగ్గా అరిగే సరుకంతా అది తినేస్తుంది, బీఓడీ పడిపోతుంది. లిగ్నిన్ ముక్కల్ని మాత్రం దాదాపు ముట్టదు. మన దేశంలో బీఓడీ పరీక్ష అంటే 27 డిగ్రీల దగ్గర 3 రోజులు. ఆ 3 రోజుల్లో బాక్టీరియాకి అరగనిది ఆ అంకెలో కనబడదు. అందుకే కాగితం మీద పాసైన నీళ్ళు కూడా టీ డికాక్షన్ రంగులో బయటికి రావచ్చు.

నా గొడవ ఆ చివరి తొట్టితో కాదు, మన కోరికతో. 'తెల్లకాగితం లాంటి మనసు' అని రాసుకుంటాం. ఆ తెలుపు ఎక్కడ్నించి వచ్చిందో రాయం. బ్లీచింగ్‌కి ముందే ఆక్సిజన్‌తో లిగ్నిన్ తగ్గిస్తే ఆ నీళ్ళని బాయిలర్‌కే పంపొచ్చు. క్లోరిన్ వాయువు బదులు క్లోరిన్ డయాక్సైడ్ వాడితే విషాలు బాగా తగ్గుతాయి. రెండూ కొత్త సంగతులేం కావు. వాటికన్నా సులువైంది ఇంకోటుంది: అంత తెలుపు అడగకపోవడం.

"మేం నేచురల్ షేడ్ మీదే వేస్తున్నాం" అనే ప్రచురణకర్తలకి ఒక మాట. ఆ మీగడరంగు చాలాసార్లు బ్లీచ్ చేసిన గుజ్జుకి కలిపిన రంగే. ముందు తెల్లబరిచి, తర్వాత పాతదిలా కనబడేట్టు చేయడం!

ముఖచిత్రం ఎవరిదో వేసే పేజీలోనే, కాగితం ఏ మిల్లుదో, ఎలా బ్లీచ్ అయిందో ఒక లైను వేయండి. వేయకపోతే పాఠకులుగా మనం అడుగుదాం. కనీసం నదుల మీద రాసిన కవిత్వం కొనేటప్పుడైనా.