వాడరేవు: సముద్రానికి వెనక ఉన్న నీళ్ల లెక్క

ఈద్ మర్నాడు వాడరేవు రోడ్డు మీద ఆటోల రద్దీ తగ్గదు. చీరాల నుంచి ఆరేడు కిలోమీటర్లే. చిలకలూరిపేట, నరసరావుపేట వైపు నుంచి కూడా కుటుంబాలు కార్లు కట్టుకుని వస్తాయి. డేగిసాలో బిర్యానీ, బండి మీద మొక్కజొన్న పొత్తులు, నీళ్లలోంచి ఎంత పిలిచినా రాని పిల్లలు. పిడుగురాళ్ల నుంచి వాడరేవుకు వచ్చే 167ఎ జాతీయ రహదారి విస్తరణ పూర్తయితే పత్తి, మిర్చి పండే మెట్ట ఊళ్ల జనానికి సముద్రం ఇంకా దగ్గరవుతుంది. జనం వస్తే రిసార్టులు వస్తాయి, స్థలాల ధరలు పెరుగుతాయి. ఇదంతా తెలిసిన లెక్కే. తెలియని లెక్క ఒకటుంది. అది కనపడాలంటే సముద్రం వైపు కాదు, దానికి వీపు పెట్టి ఊళ్ల వైపు చూడాలి.

అక్కడ మొదట కనిపించేది ఇసుక. బాపట్ల, చీరాల, వేటపాలెం తీరం పొడుగునా ఇసుక నేలలే. ఈ ఇసుకలో తాతల కాలం నుంచి దొరువులు ఉన్నాయి. దొరువు అంటే బావి కాదు. గరాటు ఆకారంలో ఇసుకలో తవ్విన గుంట. రైతు అందులోకి దిగి, రెండు చేతులా బిందెలు ముంచుకుని, పైకొచ్చి మొక్కలకు పోస్తాడు. సముద్రం పక్కనే ఉన్నా ఆ నీళ్లు తియ్యగా ఉంటాయి. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పు నీటి మీద తేలుతుంది. పాల మీద మీగడ లాగా. మంచినీరు ఉప్పు నీటికంటే తేలిక కాబట్టి అలా నిలుస్తుంది.

మీగడను పైపైన తీసుకుంటే రోజూ వస్తుంది, గరిటె అడుక్కి దించితే పోతుంది. ఇక్కడా అంతే. భూగర్భ శాస్త్రంలో పాత సూత్రం ఒకటుంది: తీరంలో మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే, కింద ఉప్పు నీరు సుమారు 40 అడుగులు పైకి రాగలదు. లోతు బోరు వేసి మోటారు ఆన్ చేస్తే జరిగేది అదే. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు ఈ సంగతి పట్టుకునే దొరువును మెరుగుపరిచారు. ఇసుక కింద అడ్డంగా చిల్లుల పైపులు వేసి, పై పొర నీటిని మాత్రమే నెమ్మదిగా ఒక బావిలోకి చేర్చి తోడుకునే పద్ధతి అది. పెద్ద ఖర్చు లేని పని. దీనికి రావలసినంత పేరు ఎందుకు రాలేదో మరి.

ఈ మీగడ మూడు వైపుల నుంచి కరుగుతుంది. ఇసుక దిబ్బను లారీలకెత్తితే వాన నీరు దాచుకునే కుండే పోయినట్టు. లోతు బోర్లు ఉప్పును పైకి లాగుతాయి. రొయ్యల చెరువుల్లో నిలిచిన ఉప్పు నీరు ఇసుకలోకి దిగుతుంది. చెరువు ఒకరిది, ఉప్పగా మారిన బావి పక్కవాళ్లది. చెరువు యజమాని ఖాతాలో ఆ బావి ఖర్చు ఎక్కడా రాయరు. నీళ్ల డబ్బా కొనుక్కునే ఇల్లాలి చేతిలోంచి మాత్రం ఆ డబ్బు రోజూ పోతూనే ఉంటుంది.

ఇసుక దాటితే పర్ర భూములు. పోటుకు తడిసి, ఎండకు తెల్లగా ఉప్పు పేరే నేల. పంట రాదు కాబట్టి దాన్ని పనికిరాని భూమి కింద జమకట్టడం అందరికీ అలవాటైపోయింది. పనికిరానిది కాబట్టి దాన్ని ఎవరికైనా ఇవ్వచ్చు. 2008లో గల్ఫ్‌లోని రస్ అల్ ఖైమాతో కలిసి వాడరేవు–నిజాంపట్నం పోర్టు, పారిశ్రామిక కారిడార్ అన్నారు. ‘వాన్‌పిక్’ పేరుతో తీరంలో వేల ఎకరాలు దాని కిందికి వెళ్లాయి. పోర్టు రాలేదు, సీబీఐ కేసు వచ్చింది. ఆ కేసు సంగతి కోర్టులు చూసుకుంటాయి. ఇక్కడ అడగాల్సింది వేరే: ఆ భూమి విలువ కట్టినప్పుడు దాని మీద పుట్టే చేపను ఎవరైనా లెక్కవేశారా?

టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పోటుతో పాటు క్రీకుల్లోకి, మడ చెట్ల వేళ్ల మధ్యకు వచ్చి పెరుగుతాయి. పెద్దయ్యాక మళ్లీ సముద్రంలోకి వెళ్తాయి. పండుగప్ప కూడా చాలావరకు ఇంతే. మండ పీత బతుకులో ఎక్కువ భాగం ఆ బురదలోనే. అంటే వాడరేవు పడవ సముద్రంలో వల వేసి పట్టేదాంట్లో కొంత, వెనక ఉన్న బురదలో పెరిగిందే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకు ఇచ్చే భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచింది. మంచిదే. చేప గుడ్లు పెట్టే కాలానికి బడ్జెట్‌లో పద్దు ఉంది. దాని పిల్లలు పెరిగే చోటుకు లేదు. 2020 డిసెంబర్‌లో వాడరేవు, కఠారివారిపాలెం మత్స్యకారులు వలల విషయంలో కొట్టుకునే దాకా వెళ్లారు. చేప తగ్గేకొద్దీ ఇలాంటి తగాదాలు పెరుగుతాయే కానీ తగ్గవు.

చట్టం లేదా అంటే ఉంది. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన పిటిషన్‌పై 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర ప్రాంతంలో రొయ్యల చెరువులు తీసేయమంది. మడ అడవులను, చిత్తడి నేలలను చెరువులుగా మార్చకూడదంది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి రిజిస్ట్రేషన్ పద్ధతిలో చెరువులకు దారి ఇచ్చింది. 2023 సవరణ ఆ దారిని ఇంకొంచెం వెడల్పు చేసింది. ఇక 2017 చిత్తడి నేలల నిబంధనలు చూస్తే, ఆక్వా కోసం, ఉప్పు కోసం కట్టినవి చిత్తడి నేలల కిందికే రావు. తీర నియంత్రణ మండలిలో ఉన్నవాటికి ఆ నిబంధనలు వర్తించవు. కాబట్టి పర్రకు మిగిలిన గొడుగు ఒక్కటే, 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్. అందులో ఇసుక దిబ్బలు, మడ అడవులు, ఉప్పు చిత్తడులు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు అన్నిటికంటే కట్టుదిట్టమైన ‘1ఎ’ కిందికి వస్తాయి. అయితే మ్యాపులో అలా గుర్తిస్తేనే.

తుపాను వచ్చినప్పుడు ఈ లెక్క అందరికీ అర్థమవుతుంది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. గాలికంటే నీళ్లే ఎక్కువ ముంచాయి. పై మెట్ట మీద పడిన వాన నల్లమడ, రోంపేరు లాంటి డ్రెయిన్లలోంచి ఈ తీరానికే దిగాలి. మిర్చి, పత్తి చేలలో కొట్టిన మందుల అవశేషాలూ ఆ దారినే వస్తాయి. ఆ నీళ్లు కాసేపు పరుచుకుని నిలవడానికి చోటు కావాలి. గట్లు పోసి చెరువులు చేసిన పర్రలో ఆ చోటు ఉండదు. అప్పుడు నీరు వరి చేలో నిలుస్తుంది.

బాగుచేయడం కుదరదా? కుదురుతుందని ఈ తీరమే చూపించింది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, గ్రామస్తులు కలిసి కృష్ణా, గోదావరి మడ అడవుల్లో చేప ముల్లు పద్ధతి పాటించారు. చచ్చిపోయిన మడ నేలలో లోపం మొక్క లేకపోవడం కాదు. నీళ్లు లోపలికొచ్చి నిలిచిపోయి, ఆవిరై, ఉప్పు పేరుకుపోవడం. అందుకని ముందు ఒక పెద్ద కాలువ, దానికి ముల్లులా అటూ ఇటూ పిల్ల కాలువలు తవ్వి, పోటు వచ్చి పోయే దారి ఇచ్చారు. మొక్కలు ఆ తర్వాత. బ్యానర్ కట్టి, మొక్క నాటి, ఫోటో దిగి వెళ్లిపోయే కార్యక్రమాలకూ దీనికీ తేడా అదే.

వాడరేవులో ఫిషింగ్ హార్బర్ కట్టాలన్న ప్రతిపాదనా ఉంది. పడవను ఇసుక మీదికి లాగే మనుషుల భుజాలు చూసినవాళ్లు దాన్ని వద్దనలేరు. కానీ తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. మధ్యలో రాతి గోడ కడితే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన కోసుకుపోతుంది. విశాఖలో పోర్టు గోడల తర్వాత ఆర్‌కే బీచ్‌కు డ్రెడ్జర్‌తో ఇసుక మోసి పోయాల్సి వస్తోంది. ఆ ఖర్చు వాడరేవు ప్రాజెక్టు అంచనాల్లో మొదటి రోజే ఉండాలి.

చీరాల, వేటపాలెం వైపు స్థలం కొనాలనుకునే కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. గల్ఫ్ నుంచి పంపిన డబ్బు కూడా అక్కడికి వస్తోంది. వెంచర్ బ్రోచర్‌లో బీచ్ ఎన్ని నిమిషాల దూరమో రాస్తారు. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇంకో రెండు అడగాలి: ఆ సర్వే నంబర్ సీఆర్‌జెడ్ మ్యాపులో ఏ జోన్ కింద ఉంది, పక్కింటి బావి నీళ్లు వేసవిలో ఏ రుచిలో ఉంటాయి.